కత్తెర, వెల్క్రో, పన్నెండు కుర్చీలు: ఎంవీపీ కాలనీలో నాన్నల ఆదివారం

విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక థెరపీ సెంటర్ మేడ మీద, నెలకో ఆదివారం ఆటిజం ఉన్న పిల్లల నాన్నలు కలుస్తారు. ప్రతి నెలా మొదటి ఆదివారం, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. మనిషికి మూడు వందలు. టీ, ఉప్మా వాళ్ళే పెడతారు. నేను పదకొండు నెలలుగా వెళ్తున్నాను, మధ్యలో రెండుసార్లు డ్యూటీ వల్ల కుదరలేదు. సెంటర్ పేరు రాయడం లేదు. నడిపే మాస్టారే వద్దన్నారు, ఆ గదిలో పట్టేవి పన్నెండు కుర్చీలే. అవసరమున్నవాళ్ళు మీ పిల్లల స్పీచ్ థెరపిస్టుని అడగండి, చెప్తారు.

మావాడికి ఏడేళ్ళు. మాటలు రావు. మూడో ఏట చూపిస్తే ఆటిజం అన్నారు. ఆరోజు డాక్టరుగారు ఫైలు ఐదు నిమిషాలు తిరగేసి రెండు ముక్కలు చెప్పారు, ఆ రెండూ మా ఆవిడకే చెప్పారు. పక్కనే నిలబడ్డ నావైపు తిరగలేదు. తర్వాత స్కూళ్ళలో, థెరపీల్లో, చుట్టాల ఇళ్ళలో అన్నిచోట్లా అదే తీరు. వాడు ఏం తింటాడు, ఎప్పుడు పడుకుంటాడు, ఎందుకు ఏడుస్తాడు, అన్నీ అమ్మని అడుగుతారు. నాన్న ఫీజు కడతాడు, బండి తోలతాడు. నేను కూడా దానికే అలవాటు పడిపోయాను. స్టీల్ ప్లాంటులో నాది షిఫ్ట్ డ్యూటీ. ఎవరైనా సెలవు పెడితే ఆ ఓవర్‌టైమ్ నేనే అడిగి తీసుకునేవాణ్ణి. థెరపీకి డబ్బులు కావాలి కదా అనేవాణ్ణి, అది నిజం. ఇంటి గేటు దగ్గర బండి ఆపాక లోపలికి వెళ్ళడానికి కాళ్ళు వచ్చేవి కావు, అదీ నిజం. రెండో సంగతి నాలుగేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడికి రాకముందు ఒకచోట తల్లిదండ్రుల కౌన్సెలింగ్ అంటే వెళ్ళాను. గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరూ మీ మనసులో ఉన్నది చెప్పండి అన్నారు. మగవాళ్ళం ముగ్గురం ఉన్నాం. ముగ్గురమూ "అంతా బాగానే ఉందండీ" అని చెప్పి వచ్చేశాం.

ఎంవీపీలో అలా అడగరు. మధ్యలో పొడుగాటి బల్ల. దాని మీద కత్తెర్లు, లామినేషన్ షీట్లు, వెల్క్రో చుట్టలు, మార్కర్లు, చేతివెడల్పు ప్లైవుడ్ ముక్కలు. వెళ్ళగానే టీ తాగి మీ పిల్లకో పిల్లాడికో ఏం కావాలో అది చెయ్యడం మొదలుపెట్టాలి. ఎక్కువమంది చేసేది బొమ్మల కార్డులు. మాటలు రాని పిల్లలు తమకు కావలసినదాని బొమ్మ తీసి మన చేతికిచ్చి అడిగే పద్ధతి అది. పెక్స్ అంటారు, 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ తయారుచేశారు. కార్డు చెయ్యడంలో ఓ చిన్న కిటుకు ఉంది. వెల్క్రోకి ఒక పక్క మెత్తగా, ఒక పక్క గరుకుగా ఉంటుంది కదా. మెత్తటిది కార్డు వెనక అతికించాలి, గరుకుది పలక మీద. తిరగేస్తే పిల్లాడి వేళ్ళకి గరుకు తగులుతుంది. కొందరు పిల్లలు ఇక ఆ కార్డు ముట్టుకోరు. మొదటి రోజు నేను ఎనిమిది కార్డులు తిరగేసి అతికించాను. మాస్టారు ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని ఆ గరుకు మీద రెండుసార్లు రుద్దారు. ఎనిమిదీ పీకి మళ్ళీ అతికించాను.

ఈ పద్ధతి నేర్పేటప్పుడు మొదట్లో ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి. ఒకరు పిల్లాడి ఎదురుగా వాడికి ఇష్టమైనది పట్టుకుని కూర్చుంటారు. ఇంకొకరు వెనక కూర్చుని, వాడు చెయ్యి చాపగానే ఆ చేతిని కార్డు మీదకి నడిపించి, ఎదుటివాళ్ళ చేతిలో పెట్టిస్తారు. వెనక ఉన్నవాళ్ళు ఒక్క మాట మాట్లాడకూడదు. మా ఇంట్లో ఆ వెనక మనిషిని నేనే. మూడు వారాలపాటు సాయంత్రాలు వాడి వీపు నా ఛాతీకి ఆనించుకుని కూర్చున్నాను. మా ఆవిడ ఎదురుగా అరటికాయ చిప్స్ పట్టుకునేది. నాలుగో వారంలో ఓ రోజు నా చెయ్యి ఇంకా కదలకముందే వాడే కార్డు తీసి ఇచ్చాడు. కన్నాక అంతసేపు వాడి వెన్ను నాకు తగిలి ఉన్నది ఆ మూడు వారాల్లోనే.

చేతిలో పని, కళ్ళు పని మీద ఉంటే మగవాడు మాట్లాడతాడు. ఈ సెంటర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇది. ఎవరూ ఎవరి మొహమూ చూడరు. కత్తెర చప్పుడు మధ్యలో ఒక మాట పడుతుంది. ఇంకో పది నిమిషాలకి దానికి జవాబుగా ఇంకో మాట.

మాలో ఒకాయనది ఫిషింగ్ హార్బర్, మరబోటు ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో ఒక్క ఆదివారం కూడా మానడు, మిగతా నెలల్లో ఒడ్డున ఉంటే వస్తాడు. మే నెలలో ఓ ఆదివారం లామినేషన్ షీటు కోస్తూ కోస్తూ తల ఎత్తకుండా అన్నాడు: "నాను ఏటకెల్తే పది పదేను రోజులు రాను. బోటు హార్బర్ దాటగానే నాకు ఊపిరాడతాది. ఇంటికాడ మా ఆడది దాని తిప్పలు అదే పడతాది. తిరిగి ఒడ్డు కనబడతంటే బయ్యమేస్తాది నాకు." ఎవరూ ఏమీ అనలేదు. మాస్టారు వెల్క్రో కోస్తూనే ఉన్నారు. కాసేపటికి డాక్‌యార్డులో పనిచేసే ఒకాయన, డ్యూటీ అయ్యాక రోజూ గంటసేపు టీ కొట్టు దగ్గరే ఉండిపోతానని చెప్పాడు. అప్పుడు నేను గేటు దగ్గర బండి సంగతి చెప్పాను. అంతే. ఏడవలేదు, ఎవరూ భుజం తట్టలేదు. కానీ ఇంటికి వచ్చేటప్పుడు ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ మీద గాలి తగులుతుంటే, చాన్నాళ్ళకి ఛాతీ వదులుగా అనిపించింది.

ఇక్కడ ఒక నియమం ఉంది. అడిగితే తప్ప సలహా ఇవ్వకూడదు. "మా పిన్ని మనవడికి ఐదేళ్ళకి మాటొచ్చింది" లాంటివి అసలు తేకూడదు. బయట నాలుగేళ్ళుగా ఆ మాట వినీ వినీ ఉన్నవాళ్ళకి ఈ నియమం విలువ తెలుస్తుంది. ఒక్కసారి మాత్రం మాస్టారే దాన్ని పక్కన పెట్టారు, అదీ నా విషయంలోనే. వేరే ఊళ్ళో ఒకచోట స్టెమ్ సెల్స్, అంటే మూలకణాలు, ఎక్కిస్తే ఆటిజం తగ్గిపోతుందన్నారు, మూడు లక్షలు. పీఎఫ్ లోను కాగితాలు నింపి జేబులో పెట్టుకుని వచ్చాను. మాస్టారు ఆ కాగితం అడిగి తీసుకుని, మడిచి, నా జేబులోనే మళ్ళీ పెట్టి, "ఆటిజాన్ని పోగొట్టే మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. ఉందన్నవాడి దగ్గర మాత్రం వెళ్ళొద్దు బాబూ" అన్నారు. ఆయన కూతురికి ఇరవై రెండేళ్ళు, ఆమెకీ ఆటిజమే. ఆమె చిన్నప్పుడు ఆయన ఇలాంటివాటికి ఎంత పోగొట్టుకున్నారో అప్పుడు చెప్పారు. నేను ఆ లోను పెట్టలేదు.

షిఫ్టుల పలక గురించి చెప్పాలి. నాకు ఎ షిఫ్ట్ అయితే పొద్దున ఆరింటికి, బి అయితే మధ్యాహ్నం రెండింటికి, సి అయితే రాత్రి పదింటికి. మావాడికి ఇది అర్థమయ్యే దారి లేదు. ఓ వారం రాత్రి పక్కన ఉండే మనిషి ఇంకో వారం ఉండడు. సి షిఫ్ట్ రోజుల్లో నేను బూట్లు వేసుకుంటుంటే తలుపుకి తల కొట్టుకునేవాడు. నుదుటి మీద ఎప్పుడూ ఓ బొప్పి ఉండేది. ఆరు నెలల కిందట మాస్టారు ఇది విని, ఏడు గళ్ళున్న ప్లైవుడ్ పలక ఒకటి, నాలుగు రంగుల పట్టీలు చేయించారు. ఎ పసుపు, బి నీలం, సి నలుపు, ఆఫ్ ఆకుపచ్చ. ప్రతి పట్టీ మీద నా ఫొటో. ఎ పట్టీ మీద సూర్యుడి పక్కన, సి పట్టీ మీద చంద్రుడి పక్కన. ఆదివారం రాత్రి వాడూ నేనూ కలిసి వారం మొత్తం అతికిస్తాం. రోజు అయిపోయాక వాడే ఆ పట్టీ టర్రుమని పీకి డబ్బాలో వేస్తాడు. ఆ చప్పుడు వాడికి ఇష్టం. మొదటి నెల ఏమీ మారలేదు. రెండో నెలలో ఓ నలుపు రోజున వాడే వెళ్ళి నా బూట్లు తెచ్చి పెట్టాడు. తలుపు దగ్గర ఏడుపు పూర్తిగా పోలేదు. బొప్పి మాత్రం కట్టడం లేదు.

ఇంకో నెల మాస్టారు మా పిల్లల గురించి ఉత్తరం రాయమన్నారు. దానికి ముందు ఓ సంగతి చెప్పారు. ఆటిజం అని ఇవాళ మనం అనేదాన్ని లియో కానర్ అనే డాక్టరు 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసి వైద్యలోకానికి చూపించారు. అందులో మొదటి పిల్లాడు డొనాల్డ్. వాణ్ణి చూపించడానికి ముందు, 1938లో వాళ్ళ నాన్న కొడుకు గురించి ముప్పై మూడు పేజీల ఉత్తరం టైపు చేయించి ఆ డాక్టరుకి పంపాడు. ఏం తింటాడు, దేన్ని తిప్పుతాడు, ఏ మాట పదే పదే అంటాడు, అన్నీ రాశాడు. ఓ తండ్రి తన బిడ్డని అంత శ్రద్ధగా చూసి రాసిన కాగితాలు అన్నమాట మొదటి ఆధారం. ఇది విన్నాక గదిలో చాలాసేపు కత్తెర చప్పుడు కూడా లేదు.

మాకు ముప్పై మూడు పేజీలు రాయక్కర్లేదన్నారు. ఒకటే షరతు, లోపం ఒక్కటి కూడా రాయకూడదు, చూసింది మాత్రమే రాయాలి. సి షిఫ్టులో టిఫిన్ టైములో మొదలుపెట్టాను. రెండు లైన్లకి పెన్ను ఆగిపోయింది. నా కొడుకు గురించి నాకు తెలిసినవన్నీ వాడు చెయ్యలేనివే. అది తెలిసినప్పుడు సిగ్గేసింది. తర్వాతి రెండు వారాలు ఓవర్‌టైమ్ మానేసి వాణ్ణి చూశాను. అమ్మ గ్రైండర్ వేస్తే పక్కన కూర్చుని అరచెయ్యి డ్రమ్ముకి ఆనిస్తాడు, పిండి పలచబడేకొద్దీ చప్పుడు మారుతుంది, పిండి అయ్యిందని మా ఆవిడకన్నా ముందు వాడే లేచి స్విచ్ దగ్గరికి వెళ్తాడు. ఈ సంగతి మా ఆవిడకి మూడేళ్ళుగా తెలుసు. నాకు ఆ రెండు వారాల్లో తెలిసింది. నాలుగు పేజీలు రాశాను. కొత్త థెరపిస్టు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇప్పుడు ఆ నాలుగు పేజీలే ముందు ఇస్తాను. ఆమె చదివాక నావైపు తిరిగి ప్రశ్నలడిగారు.

ఆ కథలో రెండో భాగం మా ఇంటికి ఇంకా పనికొచ్చింది. కానర్ తర్వాత చాలా ఏళ్ళు, తల్లికి ప్రేమ లేక, మంచుగడ్డలా ఉండబట్టి పిల్లలు ఇలా అవుతున్నారని పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మారట. దాన్ని గట్టిగా ఎదిరించి 1964లో పుస్తకం రాసినవాడు బెర్నార్డ్ రిమ్‌లాండ్, ఆయన సైకాలజిస్టు, ఆటిజం ఉన్న కొడుకుకి తండ్రి. మా అమ్మ మా ఆవిణ్ణి ఇంచుమించు అదే మాట అనేది, కాకపోతే ఇక్కడ ఫోను పేరు చెప్పి. కడుపుతో ఉన్నప్పుడు ఫోను చూసింది, పుట్టాక ఫోను చూపించింది, అందుకే అని. నేను విని ఊరుకునేవాణ్ణి. ఆ ఆదివారం ఇంటికి వచ్చి, "అమ్మా, ఇంకోసారి ఆ మాట అనకు. వాడు పుట్టుకతోనే అలా ఉన్నాడు. తను చేసిన తప్పేమీ లేదు" అన్నాను. మా ఆవిడ వంటింట్లో ఉంది. బయటికి రాలేదు. ఆ రాత్రి నాకు పెరుగన్నం కలిపి పెట్టింది. అది ఆమె నాకు చాన్నాళ్ళుగా చెయ్యని పని.

ఇక బాగోలేనివి.

ఒక నెల బయటినుంచి సైకాలజిస్టుని పిలిచారు. ఆమె మంచి మనిషి, చెప్పిన విషయమూ పెద్దదే. కష్టం తర్వాత మనిషిలో వచ్చే ఎదుగుదల గురించి. దాన్ని కొలవడానికి టెడెస్కీ, కాల్హూన్ అనే ఇద్దరు 1996లో 21 ప్రశ్నల పట్టిక తయారుచేశారు. మనుషులతో దగ్గరితనం, కొత్త దారులు, తనమీద తనకు నమ్మకం, ఆధ్యాత్మికంగా మార్పు, బతుకు మీద విలువ, ఇలా ఐదు వైపుల నుంచి అడుగుతారు. సున్నా నుంచి ఐదు దాకా వెయ్యాలి. కాగితం ఇంగ్లీషులో ఇచ్చారు. హార్బర్ ఆయన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఒక కుర్రాడు, కూతురికి ఆటిజం అని తెలిసి నెల కూడా కాలేదు, అన్నిటికీ సున్నా వేసి కళ్ళు తుడుచుకున్నాడు. అప్పుడే దెబ్బ తగిలినవాడికి ఆ కాగితం ఇవ్వకూడదు. బాధా ఎదుగుదలా పక్కపక్కనే ఉంటాయి, ఒకటి వస్తే రెండోది పోదు, ఆ పట్టిక చేసినవాళ్ళే ఆ మాట అన్నారని ఆమె చివర్లో చెప్పారు. అది మొదట్లో చెప్పి ఉంటే ఆ కుర్రాడు తర్వాతి నెల కూడా వచ్చేవాడేమో. రాలేదు. మాస్టారికి ఇదంతా చెప్పాను. ఆయన తప్పు ఒప్పుకున్నారు. ఇప్పుడు పిల్లల సంగతి తెలిసి రెండేళ్ళు దాటినవాళ్ళకే, అదీ తెలుగులో చదివి వినిపిస్తున్నారు. ఆ కుర్రాడు ఇది చదివితే దయచేసి మళ్ళీ రావాలి, ఆ కాగితం ఎవరూ ఇవ్వరు.

రెండోది మా ఆవిడ మాట. మూడో నెలలో అంది: "ఆదివారం మీకు మాట్లాడుకోడానికి చోటు దొరికింది, మంచిదే. ఆ మూడు గంటలూ వాడు నా దగ్గరే కదా. నాకు ఏ చోటు ఉంది?" సెంటర్‌లో అమ్మల మీటింగు ఉంది కానీ బుధవారం పదకొండింటికి. పిల్లాణ్ణి ఎవరికి అప్పజెప్పి వెళ్తుంది? ఈ లోటు సెంటర్‌ది, మేమందరం అడిగినా ఇంకా తీరలేదు. నేను చేసిందల్లా, నెలలో రెండో ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడు నాతోనే. అప్పికొండ బీచ్‌కి తీసుకెళ్తాను, జనం తక్కువ. తడి ఇసకలో నిలబడి చేతులు గాలిలో ఆడిస్తాడు. మొన్న ఒకాయన వచ్చి "ఏటైంది పిల్లడికి?" అని అడిగాడు. ఒకప్పుడైతే వాణ్ణి ఎత్తుకుని బండెక్కేవాణ్ణి. "ఆటిజం అండీ. సంతోషమొస్తే అలా చేస్తాడు" అన్నాను. ఆయన కాసేపు చూసి, "మరైతే బాగా సంతోషంగా ఉన్నాడు" అని వెళ్ళిపోయాడు.

కాగితాల పని తెలిసినవాళ్ళు ఈ గుంపులో ఉండడం ఇంకో మేలు. రైల్వేలో పనిచేసే ఒకాయన ఉప్మా టైములో అందరి ఫైళ్ళూ చూస్తాడు. ఆటిజం 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఒకటని, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు తీసుకోవాలని ఆయన చెప్తేనే నాకు తెలిసింది. ఆదాయపన్ను లెక్కలో మన ఆదాయంలోంచి 75,000, వైకల్యం 80 శాతం లేదా ఆపైన ఉంటే 1,25,000 తగ్గింపు వస్తుంది, కాకపోతే పాత పన్ను విధానంలో ఉండాలి. నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష దాకా, థెరపీ ఖర్చుకి కూడా వాడుకోవచ్చు. పెదగంట్యాడ ఆటో అన్నకి ఆయనే సర్టిఫికెట్ పని దగ్గరుండి చేయించాడు, ఇప్పుడు అతని కూతురికి నెలకి 6,000 పెన్షన్ వస్తోంది.

చిన్నాచితకా: మెట్లు ఇరుకు, లిఫ్ట్ లేదు. బండి రోడ్డు మీదే పెట్టాలి, రైతు బజారు రద్దీకి ఆదివారం చోటు దొరకదు, పావుగంట ముందే వెళ్ళండి. సి షిఫ్ట్ దిగి తిన్నగా వచ్చేవాళ్ళకి పది గంటలంటే కష్టం, ఆ నెలల్లో నేను బల్ల దగ్గరే కునుకు తీశాను, ఎవరూ లేపలేదు. కత్తెర్లు మొద్దుబారాయి. వెల్క్రో మాత్రం మీరే పూర్ణా మార్కెట్‌లో మీటర్ల లెక్కన కొనుక్కుని తీసుకెళ్ళండి, సెంటర్‌లో ఇచ్చేది రెండు నెలలకి ఊడిపోతుంది.

మా పలక మీద నలుపు పట్టీ వెనక వెల్క్రో పోయిన వారమే మార్చాను. షిఫ్టు చివరి నిమిషంలో మారింది. పసుపు తీసి నలుపు పెట్టాను. వాడు నలుపు పీకి పసుపు పెట్టాడు. మళ్ళీ నేను, మళ్ళీ వాడు. నాలుగోసారి పెట్టలేదు వాడు. నలుపు పట్టీ గుప్పిట్లో పట్టుకుని మంచమెక్కాడు. పొద్దున నేను వచ్చేసరికి ఇంకా చేతిలోనే ఉంది, చెమటకి జిగురు వదిలేసింది. కొత్త వెల్క్రో ముక్క అతికించి దిండు పక్కన పెట్టాను.